వీరబాబు ఇంటిబడి

మా ఊళ్ళో వీరబాబు ఏ పనినీ పనిగా చేయడు. పాఠంగా చేస్తాడు. మంచినీళ్ళు తాగాలంటే ముందు రెండు గ్లాసులు ఎదురుగా పెట్టి ఏది నిండుగా ఉంది, ఏది వెలితిగా ఉంది అని అడుగుతాడు. బయటికి వెళ్ళాలంటే గుమ్మం దగ్గరున్న చెప్పులన్నీ కలగాపులగం చేసి జతలు వెతికిస్తాడు. ఇదంతా మూడున్నరేళ్ళ కూతురు శ్రీదివ్య కోసమేనంటాడు. కానీ శ్రీదివ్య పక్కన లేనప్పుడు కూడా అతని నోరు ఆగదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళే ఆ పూటకి శ్రీదివ్య.

నా పేరు నజ్మీన్. పన్నెండేళ్ళుగా ఈ ఊరి అంగన్‌వాడీ టీచర్ని. మా సెంటరుకీ వాళ్ళ ఇంటికీ మధ్య ఒక్క ప్రహరీ గోడే అడ్డం. ఆ గోడ మీదుగా చూసినవీ విన్నవీ రాస్తున్నాను. వీరబాబుకి ముప్ఫై నాలుగేళ్ళు. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా ఏదో మరిచిపోయి వెనక్కి తిరిగిన మనిషిలా ఉంటాడు. కిందటి దసరా వరకూ అతని నోట పిల్లల ఊసు విన్నవాళ్ళు లేరు. తెల్లారితే పొలం, పొద్దుగూకితే టీకొట్టు. అంతే.

ఒకరోజు పొద్దున అద్దంకి బస్సు కోసం స్టాపులో పదిహేనుమందిమి నిలబడి ఉన్నాం. వీరబాబు కూతుర్ని భుజాన ఎక్కించుకుని వచ్చి మమ్మల్నందరినీ ఓసారి కలయజూశాడు.

"చిట్టితల్లీ, వీళ్ళలో అందరికంటే పొట్టి ఎవరు? తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు."

శ్రీదివ్య ఆలోచించుకుని రాఘవులు గారిని చూపించింది. రాఘవులు గారు రెండుసార్లు వార్డు మెంబరుగా చేసిన మనిషి. ఆయన ముఖం ముడుచుకుంది.

"శభాష్. రాఘవులు బాబాయ్, నువ్విట్టా ముందుకి రా. ఇప్పుడు ఆయనకంటే కాస్త పొడుగెవరమ్మా?"

ఐదు నిమిషాల్లో పదిహేనుమందిమీ పొట్టి నుంచి పొడుగు దాకా వరసలో నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డారంటే చెప్పలేను. అంత చిన్నపిల్ల వేలు చూపిస్తుంటే కాదనడం కష్టం. అంతలో బస్సొచ్చింది. వరస చెడితే పిల్ల తికమకపడుతుందని వీరబాబు అందరినీ అదే వరసలో ఎక్కించాడు. పొట్టివాళ్ళందరికీ సీట్లు దొరికాయి. ఆరడుగుల ఆదాం మాత్రం అద్దంకి దాకా మెట్టు మీద వేలాడుతూ వచ్చాడు. రాఘవులు గారు కిటికీ పక్కన కూర్చుని, పిల్లకి తెలివి ఎక్కువేనని ఒప్పుకున్నారు.

సుభానీ కిరాణా కొట్లో జరిగింది ఇంకో రకం. వీరబాబు ఉప్పు కోసం వెళ్ళి, కూతురి కళ్ళకి తువ్వాలు కట్టి, వాసన చూసి చెప్పమంటూ సుభానీ చేత ఒక్కొక్క డబ్బా మూత తీయించాడు. ఆ పిల్ల కాఫీపొడి చెప్పింది. ఇంగువ చెప్పింది. చూస్తున్న సుభానీకి సరదా పుట్టింది.

"ఇదేం పెద్ద విద్యయ్యా. ఇరవై ఏళ్ళ నుంచి ఈ కొట్లో కూర్చుంటన్నా. నా కళ్ళకి కట్టు చూద్దాం."

వీరబాబు కట్టి, ధనియాల పొడి ముక్కు దగ్గర పెట్టాడు.

"జీలకర్ర పొడి" అన్నాడు సుభానీ.

"తొందరేం లేదు సుభానీ. ఆలోచించుకుని చెప్పు."

"ఆలోచించేదేముంది, జీలకర్రే."

కొట్లో ఉన్న నలుగురు ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆ మర్నాటి నుంచి సుభానీ కొట్లో ఏ పొడి కొన్నా పొట్లం విప్పి వాసన చూడకుండా ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు లేరు. సుభానీ నెలరోజులు వీరబాబుతో మాట్లాడలేదు.

ఇదంతా మొదలైంది నా చేతుల మీదుగానే. దసరాకి ముందు మా పైవాళ్ళు ఒక కరపత్రం పంపారు. ఇంకా బడి ఈడు రాని పిల్లలతో తల్లిదండ్రులు ఇంటి దగ్గర చేయించదగ్గ పనులు అందులో నలభై ఉన్నాయి. అన్నీ ఇంట్లో ఉన్న వస్తువులతో చేసేవే. గింజలు వేరు చేయడం, బొత్తాలు దారానికి గుచ్చడం, పిండితో బొమ్మలు చేయడం, బొమ్మ చూపించి పేరు చెప్పించడం, కథ సగంలో ఆపి తర్వాతేమైందో అడగడం. తల్లుల సమావేశంలో తలా ఒకటి పంచాను. నాలుగో రోజుకి ఒక కరపత్రం సుభానీ కొట్లో బెల్లం పొట్లమై కనిపించింది. ఇంకొకటి రాఘవులు గారింట్లో అలమర అరలో పరిచి, దాని మీద ఆవకాయ జాడీ పెట్టారు.

ఆ సమావేశానికి భార్యకి ఒంట్లో బాగాలేదని వీరబాబే వచ్చాడు. ఇరవైమంది ఆడవాళ్ళ మధ్య ఒక్క మగవాడు. తలుపు పక్కన నిలబడి కరపత్రం మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"నజ్మీనక్కా, ఇందులో గెంతేవి, పరిగెత్తేవి చాలా ఉన్నయ్యి. అవి వద్దు. కూర్చుని చేతివేళ్ళతో చేసేవి ఇంకేమన్నా ఉన్నయ్యా?"

"పిల్లలు గెంతాలి వీరబాబూ. అది కూడా చదువే."

"గెంతడం దానికి వచ్చులే అక్కా. నువ్వు వేళ్ళ పని చెప్పు."

చెప్పాను. రాసుకున్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి ఇంకా కావాలన్నాడు. నా ఉద్యోగంలో నన్ను పాఠం అడిగిన తండ్రి అతనొక్కడే. మొదట్లో సంతోషించాను. నెల తిరిగేసరికి గేటు చప్పుడైతే చాలు, వంటగదిలోకి వెళ్ళి నిలబడేదాన్ని.

నాకంటే ఎక్కువ అవస్థ అతని భార్య శిల్పది. శిల్ప అతనికి మేనత్త కూతురు. అందుకని తిట్టినా బావా అనే తిడుతుంది. ఒకరోజు గోడ దగ్గరికొచ్చి నిలబడింది.

"అక్కా, మా బావకి ఏదన్నా మందుంటే చెప్పు."

"ఏమైందమ్మా?"

"కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు, మినప్పప్పు, నాలుగూ ఒక పళ్ళెంలో కలిపేశాడు. వేరు చెయ్యాలంట. వేరయ్యేసరికి సాయంత్రమైంది. పొద్దున పెట్టిన ఎసరు మరిగి మరిగి ఆవిరైపోయింది. పోనీ అనుకున్నా. చొక్కాలకి బొత్తాల్లేవు. అన్నీ కోసి దారానికి గుచ్చించాడు. నిన్న పొలానికి పిన్నీసులు పెట్టుకుని పోయాడు."

"అయ్యో."

"బట్టల క్లిప్పులన్నీ ఒక అట్టముక్క చుట్టూ పెట్టించాడు. నొక్కి పెట్టడం, నొక్కి తీయడం. దండెం మీద దుప్పటి ఎగిరిపోయి మీ సెంటర్లో పడింది చూడు, అందుకే. చపాతీ పిండితో ఏనుగుని చేసి, దాన్నే కాల్చి పెట్టమన్నాడు. తొండం మాడింది, కాళ్ళు ఉడకలా."

"మరి మీ అమ్మ ఏమీ అనదా?"

"అమ్మ ఏమంటదక్కా. అమ్మనే పంతులమ్మని చేసి కూర్చోబెట్టాడుగా."

శిల్ప తల్లి సుబ్బరావమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. వీరబాబుకి ఎనిమిదేళ్ళప్పుడు తల్లి పోతే పెంచింది ఈమే. మేనత్త, పెంచిన తల్లి, అత్తగారు, మూడూ ఒక్కరే. మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరడంలో ఆమెను మించినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. తాలుకాయలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు. ఎర్రటి కాయల్లో అవి కనపడితే సరుకు ధర పడిపోతుంది. సుబ్బరావమ్మ పన్నెండుమంది ఆడవాళ్ళని వెంటేసుకుని కల్లంలో కూర్చుంటే చెయ్యి కనపడేది కాదు, కాయలు ఎగరడమే కనపడేది. నోరు కూడా చెయ్యంత చురుకు.

కిందటి శ్రావణమాసంలో ఒక పొద్దున ఆమె చేతిలోంచి చెంబు జారిపడింది. తీసుకుందామని వంగితే మనిషే పడిపోయింది. పక్షవాతం. ఆస్పత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. కాలు నెమ్మదిగా దారికొచ్చింది గానీ కుడిచెయ్యి పట్టు తప్పిపోయింది. మాటలు కూడా కొన్ని జారిపోయాయి. చెంబు అనబోయి చీపురు అనేది. అద్దంకి నుంచి మార్క్ అనే ఫిజియోథెరపిస్టు ఇంటికొచ్చి, ఒక రబ్బరు బంతి ఇచ్చి, రోజూ కుడిచేత్తో నొక్కమని చెప్పాడట. సుబ్బరావమ్మ ఆ బంతిని ఎడంచేత్తో తీసుకుని వీధిలోకి విసిరేసింది. "బంతులాడటానికి నేను చంటిపిల్లనా" అంది. ఆ తర్వాత వ్యాయామం అన్న మాట ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఎడంచేత్తో తింటుంటే ఎవరన్నా చూస్తారని గదిలో తలుపేసుకుని తినేది. నేను రెండుసార్లు పలకరించబోతే నిద్రపోతున్నానని చెప్పించింది.

అలాంటి మనిషిని వీరబాబు పంతులమ్మని చేశాడు. అది జరిగిన పూట నేను గోడ ఇవతల పిల్లలకి గుడ్లు వలిచి పెడుతున్నాను.

"అత్తా, నాకు చేలో మందు కొట్టే పనుంది. పిల్లకి ఈ బొత్తాలు గుచ్చి చూపించు."

"శిల్పకి చెప్పు."

"అది వంటలో ఉంది."

"నా చెయ్యి కనపడట్లేదంట్రా నీకు?"

"మెల్లిగానే చూపించత్తా. పిల్ల కూడా మెల్లిగానే చేస్తది. అది కూడా జారేసుకుంటది. ఇద్దరికీ తొందరేం లేదు."

నేను ఇంకో రెండు గుడ్లు వలిచాను. అప్పుడు బొత్తాలు గచ్చు మీద దొర్లిన చప్పుడు. శ్రీదివ్య గొంతు, "అమ్మమ్మా, నీవి కూడా పడిపోయినయ్యి" అని. నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషికి పాఠాల పిచ్చి ముదిరి, చెయ్యి బాగాలేని ఆడమనిషిని కూడా వదలడం లేదని అనుకున్నాను.

ఆ తర్వాత కాకి వచ్చింది. వీరబాబు గోడకి బొమ్మలు అంటించి, ఏది ఏమిటో పిల్లకి చెప్పే పని కూడా సుబ్బరావమ్మకే అప్పజెప్పాడు. ఆమె కాకిని చూసి గొడుగు అంది. శ్రీదివ్యకి అమ్మమ్మ చెప్పిందే వేదం. మా సెంటరుకొచ్చి, చెట్టు మీద వాలిన కాకిని చూపించి గొడుగు అంది. పిల్లలకి ఆ మాట నచ్చింది. రెండు రోజుల్లో పద్దెనిమిదిమందికీ కాకి గొడుగైపోయింది. సరిగ్గా ఆ వారమే మా సూపర్‌వైజరు మేడమ్ వచ్చి, బొమ్మల పుస్తకం తెరిచి, "ఇదేంటి పిల్లలూ?" అన్నారు. పద్దెనిమిదిమందీ ఒక్క గొంతుతో గొడుగు అన్నారు. మేడమ్ పుస్తకం మూసి నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

సాయంత్రం వీరబాబుని పట్టుకుని అడిగాను.

"తప్పైతే మెల్లిగా సరిచేసుకుంటారులే అక్కా. ముందు నోట్లోంచి మాట వస్తంది గదా" అన్నాడు.

"శ్రీదివ్య నోట్లోంచి మాటలు రాకపోవడమేంటయ్యా? ఆ పిల్ల నిద్రలో కూడా మాట్లాడుతుంది."

అతను ఏదో అనబోయి, మానేసి, "అక్కా, ఈ రెండు చీపుళ్ళలో ఏది పొడుగు?" అని అడిగి వెళ్ళిపోయాడు.

అసలు గొడవ జనవరిలో అయింది. శ్రీదివ్యది ఎడమచేతి వాటం. ముద్ద తినడం దగ్గర్నుంచి బలపం పట్టడం దాకా అన్నిటికీ ఎడమచెయ్యే. అలాంటి పిల్లల్ని కుడిచేతికి మార్చాలని బలవంతపెట్టకూడదని మాకు శిక్షణలో పదేపదే చెబుతారు. ఒకరోజు గోడ అవతల నుంచి వీరబాబు గొంతు వినపడింది.

"కుడిచేత్తో. ఆఁ, కుడిచేత్తోనే. బొటనవేలు, చూపుడువేలు కలవాలి."

మర్నాడూ అదే. మూడో రోజూ అదే. ఆ రోజు మా సెంటర్లో తల్లుల సమావేశం. కూతుర్ని దింపడానికొచ్చిన వీరబాబుని అందరిముందూ నిలదీశాను.

"పిల్లది ఎడమచేతి వాటమని నీకు తెలుసా తెలీదా?"

"తెలుసక్కా."

"తెలిసీ కుడిచెయ్యి కుడిచెయ్యి అని రోజూ దాని ప్రాణం ఎందుకు తీస్తున్నావు?"

"పిల్ల ఏ చేత్తో చేసినా పర్లేదక్కా. చూపించేవాళ్ళు మాత్రం కుడిచేత్తో చూపించాలి."

"ఏం మాటది? అర్థముందా అందులో? ఊళ్ళో గొప్ప కోసం పసిపిల్లతో ఆడుకుంటున్నావు. నీకు కావాల్సింది పిల్ల చదువు కాదు, నలుగురూ నీ గురించి చెప్పుకోవడం."

ఆడవాళ్ళు నవ్వారు. ఎవరో చెప్పుల జతల సంగతి ఎత్తారు. వీరబాబు చెవుల దాకా ఎర్రబడ్డాడు. శ్రీదివ్య సంచి గోడ మేకుకి తగిలించి, తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పాఠాల కోసం నా దగ్గరికి రావడం మానేశాడు. పాఠాలు మాత్రం మానలేదు. గోడ అవతల నుంచి వినపడుతూనే ఉన్నాయి.

మార్చిలో, మిరప కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు, మా సెంటరు వరండాలో ఒకరోజు ఆరోగ్య శిబిరం పెట్టారు. అద్దంకి నుంచి వచ్చినవాళ్ళలో మార్క్ కూడా ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు. వచ్చినవాళ్ళని చూడటం అయ్యాక చేతులు కడుక్కుంటూ నన్నడిగాడు.

"ఇక్కడ వీరబాబు గారని ఉండాలి మేడమ్. ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాడు. పిల్లకి పాఠాలు చెప్తూ ఊరందరినీ చంపుతున్నాడు."

మార్క్ నవ్వాడు. "పిల్లకి కాదండీ."

"మరి?"

అతను అటూ ఇటూ చూసి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"మీరు మొదట్నుంచీ ఉన్నారు కాబట్టి చెబుతున్నా. వాళ్ళ అత్తగారు నా బంతి విసిరేశారు కదా. ఆ వారమే మా దగ్గరికి వచ్చాడు. 'సార్, మా అత్త వ్యాయామం అంటే చెయ్యదు. వ్యాయామంలాగా కనపడని వ్యాయామం ఏదన్నా ఉందా' అన్నాడు. అలాంటివి నా దగ్గర లేవన్నాను. నెల తర్వాత మళ్ళీ వచ్చాడు. చేతిలో చిన్నపిల్లల చదువుల కరపత్రం. 'ఇందులో మా అత్తకి పనికొచ్చేవి గుర్తు పెట్టండి సార్' అన్నాడు. చూస్తే పద్నాలుగు పనికొచ్చాయండి. వేళ్ళకి తొమ్మిది, మాటకి ఐదు."

మార్క్ తడి చేతులు తుడుచుకున్నాడు.

"ఆమె చంటిపిల్లలా నేర్చుకోవడానికి ఒప్పుకోరు. నేర్పడానికి ఒప్పుకుంటారని అతని ఆలోచన. పదిహేను రోజులకోసారి వచ్చి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పి వెళ్తాడు."

"అయితే బస్సు దగ్గర జనాన్ని వరసలో నిలబెట్టింది దేనికి? సుభానీ కళ్ళకి గుడ్డ కట్టింది దేనికి?"

"అది నేనూ అడిగాను. ఇంట్లో ఒక్కచోటే చేస్తే ఆమెకి అనుమానం వస్తుందట. ఊరంతా చేస్తే, పిల్ల చదువు పిచ్చి పట్టిందని అనుకుంటుందట. 'నాకు పిచ్చి అని పదిమంది చెబితే మా అత్త వెంటనే నమ్ముద్ది సార్' అన్నాడు."

తల్లుల సమావేశంలో అతన్ని నేనన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కూర్చున్న కుర్చీ ఇరుకైనట్టనిపించింది. మార్క్ ఆమె చెయ్యి ఒకసారి చూడాలన్నాడు. ఈ వేళప్పుడు కల్లం దగ్గర ఉంటుందని చెప్పి నేనే వెంట తీసుకెళ్ళాను.

ఊరి చివర వీరబాబు కల్లంలో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఘాటుకి మార్క్ రెండుసార్లు తుమ్మాడు. పట్టా నీడలో సుబ్బరావమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎదురుగా శ్రీదివ్య. మధ్యలో కాయల గుట్ట.

"ఎర్రది ఇటు. తెల్లది అటు. ఏందే అది, తెల్లదాన్ని ఎర్రదాంట్లో వేశావు. కళ్ళు పెట్టి చూడు."

పన్నెండుమంది మీద చేసిన అజమాయిషీ అంతా ఒక్క పిల్ల మీద చేస్తోంది. మాటలు అక్కడక్కడా ఆగుతున్నాయి గానీ తిట్లు మాత్రం తడుముకోకుండా వస్తున్నాయి. మార్క్ దూరంగానే ఆగిపోయాడు.

"కాయని ఎలా పట్టుకుంటున్నారో చూడండి మేడమ్. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. ఆ పట్టు అన్నిటికంటే ఆఖర్న వస్తుంది. కొందరికి అసలు రాదు."

సుబ్బరావమ్మ తలెత్తి అతన్ని చూసింది.

"బంతి తెచ్చావా?"

"లేదమ్మా."

"బతికిపోయావు. రా, కూర్చో."

శ్రీదివ్య కొత్త మనిషిని చూసి ఊరుకునే పిల్ల కాదు. మార్క్ వేలు పట్టుకుని గుట్ట అవతలి వైపుకి లాక్కెళ్ళి కూర్చోబెట్టి, ఎర్రది ఇటు, తెల్లది అటు అని నేర్పడం మొదలుపెట్టింది. సుబ్బరావమ్మ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"నీకు చెప్పాడా ఆ డాక్టరు బాబు?"

"ఏం చెప్పాడు పిన్నీ?"

"నజ్మీనూ, నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. మావాడికి అంతకన్నా చేతకాదు. పిల్ల పుట్టి మూడేళ్ళైనా దాని గౌనుకి ముందేదో వెనకేదో తెలీనోడు, ఒకరోజు పొద్దున్నే లేచి బొత్తాలు కోసి గుచ్చుదాం రమ్మంటే నేను నమ్మాలా? వాణ్ణి ఎనిమిదేళ్ళప్పటి నుంచి చూస్తన్నా. మొదటి రోజే తెలిసింది."

"తెలిసీ ఎందుకు చేశావు మరి? అంత ఇష్టం లేనిదానివి."

ఆమె ఒక తాలుకాయ తీసి అటు వేసింది. ఇంకొకటి తీసింది. అది జారింది. మళ్ళీ తీసింది.

"వాడు నా కోసం ఊరందరి ముందూ పిచ్చోడవుతన్నాడు. నేను ఇంట్లో పసిపిల్ల ముందు బొత్తాం జారేసుకోవడానికి సిగ్గుపడితే ఎట్టా?"

నేనూ ఒక తాలుకాయ ఏరి అటు వేశాను.

"పోనీ ఇప్పుడన్నా అతనికి చెప్పొచ్చుగా పిన్నీ, తెలుసని."

"చెబితే ఆపేస్తాడు. ఆపితే పిల్ల చదువేం గాను? రంగులన్నీ వచ్చినయ్యి. ఇరవై దాకా అంకెలొచ్చినయ్యి. నువ్వు చెప్పబాక."

అప్పుడే వీరబాబు కోత చేలోంచి బస్తా మోసుకుంటూ వచ్చాడు. బస్తా దించి నడుం నిటారు చేసి, కాయల గుట్ట పక్కన మార్క్‌ని చూశాడు. ముఖంలో నెత్తురు లేదు. ఒకసారి నా వైపు, ఒకసారి సుబ్బరావమ్మ వైపు చూశాడు. గబగబా రెండు కాయలు ఏరుకుని మార్క్ ముందు పెట్టాడు.

"సార్, ఈ దారిన పోతా ఆగారా? మంచి పని చేశారు. ఈ రెండిట్లో ఏది పొడుగో చెప్పండి. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి."

మార్క్ రెండు కాయల్నీ తిప్పి తిప్పి చూసి, బాగా ఆలోచించి, "ఇదండీ" అన్నాడు.

"శభాష్" అన్నాడు వీరబాబు. నుదుటి మీద చెమట కారుతోంది. "ఇప్పుడు ఏది లావో..."

"ఒరేయ్, ఇట్రా" అంది సుబ్బరావమ్మ.

అతను దగ్గరికెళ్ళి వంగాడు. ఆమె చెయ్యి పైకి లేపి, బొటనవేలితో, చూపుడువేలితో అతని చెవి దొరకబుచ్చుకుని మెలిపెట్టింది.

"మన కల్లానికొచ్చిన మనిషికి గ్లాసుడు మజ్జిగన్నా ఇవ్వకుండా కాయలు కొలిపిస్తావేంరా? ఇదేనా నేను నీకు నేర్పింది?"

"అబ్బా, అత్తా" అని, సగంలో ఆగిపోయాడు వీరబాబు. వంగినవాడు వంగినట్టే ఉండి, కళ్ళు మాత్రం పక్కకి తిప్పి మార్క్‌ని చూశాడు. మార్క్ తలూపాడు.

"నవ్వుతావేందిరా తిడతంటే?"

"నవ్వట్లేదత్తా. మజ్జిగ మర్చిపోయా, తప్పు నాదే. ఇంకాసేపు పట్టుకో."

"పిచ్చి నాయనా" అంది సుబ్బరావమ్మ. కానీ వెంటనే వదల్లేదు. ఇంకో మెలిక తిప్పి, నా వైపు చూసి, అప్పుడు వదిలింది.

ఊళ్ళోకి తిరిగొస్తుంటే మార్క్‌ని సాగనంపడానికి వీరబాబు కూడా మాతో నడిచాడు. దారిలో అతనికి నా తప్పు ఒప్పుకుందామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ అతను విననేలేదు. చెవి తడుముకుంటూ ముందు నడుస్తున్నాడు.

ఆ చెవి రెండు రోజులు కందిపోయి ఉంది. ఆ రెండు రోజులూ ఎదురైన ప్రతి మనిషినీ ఆపి, జుట్టు పక్కకి తోసి చూపించాడు. ఏమైందయ్యా అని రాఘవులు గారు అడిగితే, పెళ్ళిలో కొత్త ఉంగరం చూపించుకునే మనిషిలా తల ఇంకాస్త పక్కకి వంచాడు.

"మా అత్త మెలిపెట్టింది బాబాయ్. కుడిచేత్తో."